ఇద్దరు తోస్తే కదలాలి

విజయవాడ ఆటోనగర్‌లో నాకొక చిన్న షెడ్డుంది. రెండు లేతులు, ఒక డ్రిల్లింగ్ మిషను, రెండు వెల్డింగ్ సెట్లు. నలభై ఏళ్లకు పైగా అందులోనే గడిచింది. ఇప్పుడు పనంతా మా అబ్బాయి చూసుకుంటున్నాడు. నేను పొద్దున్నే వచ్చి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంటాను. పక్క షెడ్లవాళ్లు జనరేటరు కొన్నప్పుడల్లా "బాబాయ్, దీనికి చక్రాలు ఎలా పెట్టించమంటావు?" అని వస్తుంటారు. వచ్చినవాళ్లకు తలా ఒక ముక్క చెప్పి పంపేవాణ్ని. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పడం మర్చిపోతున్నానని అనిపించి, అన్నీ ఒకచోట రాస్తున్నాను.

1. కదలని జనరేటరు లోపలే నడుస్తుంది

అన్నిటికన్నా ముందు ఇది చెప్పాలి. 2012 వేసవి. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజులు. మా 15 కేవీఏ డీజిల్ జనరేటరు షెడ్డు వెనక మూలన కూర్చుని ఉండేది. పొగగొట్టం గోడలోంచి బయటికి తీశాం కాబట్టి ఫరవాలేదనుకున్నాం. ఆరోజు వడగాలి కొడుతోందని షట్టరు సగానికి దించేశాం. మధ్యాహ్నం మూడింటికి గ్రైండింగ్ చేస్తున్న కుర్రాడు తలనొప్పి అన్నాడు, వాంతి చేసుకున్నాడు, ఉన్నచోటే ఒరిగిపోయాడు. వడదెబ్బ అనుకుని తల మీద నీళ్లు చల్లాం, మజ్జిగ తాగించబోయాం. అంతలో లేతు మీదున్న మేస్త్రీ కూడా "నాకూ తల తిరుగుతోందండీ" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. ఇద్దరినీ చెట్టు కిందికి మోసుకెళ్లి, ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం. బతికారు. తర్వాత చూస్తే పొగగొట్టం అతుకు దగ్గర వెంట్రుకవాసి పగులు, దాని చుట్టూ నల్లటి మసి.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు ఎక్కాల్సిన చోట అది 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ఆ సంగతి నాకు అంతకుముందే తెలుసు. జనరేటరు బయట పెట్టి నడపాలనీ తెలుసు. కానీ అంత బరువును కోత పెట్టినప్పుడల్లా బయటికి ఎవరు లాగుతారు? గడ్డపారలు, పైపు ముక్కలు, ఆరుగురు మనుషులు, ముప్పావుగంట. అంత శ్రమ ఉన్నప్పుడు తెలిసిన మంచి కూడా చెయ్యం. అందుకే ఆ నెలలోనే చక్రాల పనికి దిగాను. ఆ కుర్రాడి తల్లి ఆస్పత్రి వరండాలో నా మొహంలోకి చూసిన చూపు ఇవాళ్టికీ మర్చిపోలేదు.

2. ముందు కాటా వేయించండి

అందాజాగా "ఐదొందలుంటుందిలే" అనుకుని చక్రాలు కొనకండి. కంపెనీ కాగితంలో రాసిన బరువు చాలాసార్లు డీజిలూ నీళ్లూ పోయకముందుది. మాది టాటా ఏస్ మీద ఎక్కించి కాటాకు తీసుకెళితే 640 కిలోలు తేలింది. ట్రాలీ ఇనుము ఇంకో 90. మొత్తం 730. ఇది శబ్దం ఆపే డబ్బా లేని పాతరకం సెట్టు. 2005 జనవరి 1 తర్వాత తయారైన డీజిల్ జనరేటర్లకు ఒక మీటరు దూరంలో శబ్దం 75 డెసిబెల్స్ దాటకూడదన్న నిబంధన వచ్చాక అన్నీ డబ్బాలోనే వస్తున్నాయి. ఆ డబ్బా బరువు కూడా లెక్కలో చేరుతుంది.

3. బరువు నట్టనడుమ ఉండదు

చూడటానికి ఇంజనూ ఆల్టర్నేటరూ చెరిసగం ఉన్నట్టే ఉంటాయి. కానీ బరువంతా ఇంజను వైపే. దాన్ని కళ్లతో కాదు, చేత్తో తెలుసుకోవాలి. మేం చేసిన పద్ధతి ఇది. చైన్‌బ్లాకుతో సెట్టును నాలుగంగుళాలు లేపి, ఫ్రేము చానళ్లకు అడ్డంగా కింద ఒక గుండ్రటి షాఫ్టు ముక్క పెట్టాం. రెండు చివర్లా చెక్కమొద్దులు సర్దాం, ఎటు ఒరిగినా అంగుళానికి మించి దిగకుండా. తర్వాత మెల్లగా దింపాం. ఇంజను వైపుకి ఒరిగింది. మళ్లీ లేపి షాఫ్టును ఇంజను వైపు రెండంగుళాలు జరిపాం. మళ్లీ దింపాం. ఇలా ఐదుసార్లు చేశాక ఒక చోట తక్కెడ దండెలా నిలిచింది, వేలితో నొక్కితే అటూ ఇటూ ఊగుతూ. అక్కడ చానల్ మీద సుద్దముక్కతో గీత గీశాను. ఐదడుగుల ఫ్రేములో ఆ గీత సగానికి తొమ్మిదంగుళాల అవతల ఉంది. అంటే బరువులో మూడింట రెండొంతులు ఇంజను వైపు చక్రాల మీదే పడుతుందన్నమాట.

ఈ గీత తెలిస్తే సగం పని అయిపోయినట్టే. తిరగని చక్రాలు రెండూ ఇంజను కింద. తిరిగే చక్రాలు రెండూ ఆల్టర్నేటరు కింద, పిడి కూడా అటే. బరువు తక్కువ ఉన్న వైపు తిప్పడం తేలిక.

4. ఇంజను కొక్కెం ఇంజనుకే

ఇంజను మీద లేపడానికి ఇచ్చిన కొక్కెం ఇంజను ఒక్కదాన్నే లేపడానికి. దానికి చైను తగిలించి మొత్తం సెట్టును లేపకండి. బెల్టు గానీ చైను గానీ ఫ్రేము నాలుగు మూలలకు పడాలి.

5. చక్రం దగ్గర పిసినారితనం వద్దు

ఇక్కడ నేను రెండుసార్లు డబ్బు పోగొట్టుకున్నాను కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

మొదట మూడంగుళాల నైలాన్ చక్రాలు వేశాను. షాపులో నునుపు గచ్చు మీద బొంగరంలా తిరిగాయి. మా షెడ్డులో నాలుగడుగులు పోయి ఠక్కున ఆగిపోయాయి. ఇంకో ఇద్దరిని పిలిచి తోశాం, కదల్లేదు. వంగి చూస్తే ముందు చక్రం కింద వెల్డింగ్ రాడ్ ముక్క, వేలెడంత. చిన్న చక్రానికి అది గట్టులాంటిది. చక్రం ఎంత పెద్దదైతే గచ్చు మీద పగులూ రాడ్ ముక్కా అంత చిన్నవైపోతాయి. ఎద్దుబండి చక్రం అంత పెద్దగా ఎందుకు చేశారో మన పెద్దవాళ్లకు బాగా తెలుసు.

రెండోసారి పెద్దవే తెచ్చాను గానీ మెత్తటి రబ్బరువి. లేతు కింద రాలిన ఇనుప పొట్టు వాటిలో ముళ్లలా దిగిపోయింది. పైగా మూడు నెలలు కదలకుండా నిలబెడితే, నేలకు ఆనినచోట చక్రం చదునైపోయింది.

మూడోసారి ఎనిమిదంగుళాల చక్రాలు, లోపల పోత ఇనుము, పైన పాలీయురెథేన్ పొర, బాల్ బేరింగులు, గ్రీజు నిపుల్. అవే ఇప్పటికీ ఉన్నాయి. బరువు లెక్క ఇలా వేసుకోండి. చక్రాలు నాలుగైనా మూడే మోస్తాయనుకోవాలి. ఎందుకంటే ఏ షెడ్డు గచ్చూ సమంగా ఉండదు, ఏదో ఒక చక్రం గాల్లో తేలుతూనే ఉంటుంది. 730ని మూడుతో భాగిస్తే 243. కాబట్టి ఒక్కొక్కటి 300 కిలోలకు తగ్గకుండా మోసేది తెచ్చాను.

మంచి చక్రం, శుభ్రమైన గచ్చు ఉంటే బరువులో నూటికి రెండు మూడు పాళ్ల బలంతో బండి కదులుతుంది. మాకు 15 నుంచి 22 కిలోలు. మొదటి ఊపుకి ఇంకాస్త ఎక్కువ. ఇద్దరు తోస్తే కదలాలన్న నా లెక్క అక్కణ్నుంచే వచ్చింది.

నాలుగూ తిరిగే చక్రాలు పెట్టమని కొందరు సలహా ఇస్తారు. మూల తిరగడానికి బాగుంటుంది, నిజమే. కానీ కాస్త వాలు తగలగానే బండి పీతలా పక్కకి నడుస్తుంది, పక్కనున్నవాడి కాలు గోడకీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుంటుంది. రెండు తిరగనివి, రెండు తిరిగేవి. ఈ మాట మీద నేను నిలబడతాను.

6. ఎత్తు పెంచకండి

ఎనిమిదంగుళాల చక్రం దాని బ్రాకెట్టుతో కలిపి దాదాపు పదంగుళాల ఎత్తు వస్తుంది. దాన్ని ఫ్రేము కిందే బిగిస్తే జనరేటరు అంత ఎత్తుకి లేస్తుంది, కుదుపుకి ఊగుతుంది. మేం నాలుగు మూలలా చానల్ ముక్కల్ని చేతుల్లా పక్కలకు చాపి, వాటి కింద చక్రాలు బిగించాం. ఫ్రేము నేలకి మూడంగుళాల ఎత్తులోనే ఉండిపోయింది. చక్రాల మధ్య వెడల్పు కూడా పెరిగింది. చోటు కాస్త ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.

7. సెట్టు దించాకే వెల్డింగ్

ఆ చేతులు అతికేటప్పుడు తొందరపడి జనరేటరును ఫ్రేము మీదే ఉంచి వెల్డింగ్ చేశాను. ఎర్త్ క్లాంపు అవతలి చివర తగిలించి ఉంది. బ్యాటరీ వైర్లు తియ్యలేదు, ఆల్టర్నేటరులో వోల్టేజీని చూసుకునే కార్డు ఊడదియ్యలేదు. సాయంత్రం స్టార్టు చేస్తే ఇంజను తిరుగుతోంది, వోల్టేజీ రావడం లేదు. కార్డు కాలిపోయింది. వెల్డింగ్ కరెంటు ఎర్త్ క్లాంపును వెతుక్కుంటూ ఎటు దారి దొరికితే అటు పోతుంది, బేరింగుల్లోంచి కూడా. సెట్టును దించి, ఖాళీ ఫ్రేముకి అతికించుకోండి. చక్రాన్ని మాత్రం ఎప్పుడూ అతకొద్దు. బోల్టులతో, నైలాక్ నట్లతో బిగించండి. రేపు మార్చాల్సి వస్తుంది.

8. నడిచేటప్పుడు చక్రాల మీద ఉంచకండి

మన కరెంటు 50 హెర్ట్‌జ్. నాలుగు పోళ్ల ఆల్టర్నేటరు అయితే ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరగాల్సిందే. ఆ అదురుకి చక్రాల మీదున్న బండి తనంతట తానే నడుస్తుంది. ఒకరోజు మాది బ్రేకులు వేసి ఉన్నా గంటలో జానెడు జరిగి కేబుల్‌ని లాగి పట్టుకుంది. చక్రాల బేరింగులకూ అది చేటు. తిరగకుండా ఒకేచోట అదురుతుంటే గోళీలు తాము కూర్చున్నచోటే గుంటలు చేసుకుంటాయి.

అందుకని ఫ్రేము నాలుగు మూలలా పెద్ద నట్లు అతికించి, 20 ఎంఎం బోల్టులు కిందికి దింపాం. బోల్టు చివర అరచేయంత ఇనుప రేకు, దాని కింద పాత లారీ టైరు ముక్క. చోటికి చేరగానే నాలుగు బోల్టులూ స్పానరుతో దింపితే చక్రాలు వేలితో తిప్పితే తిరిగేటంత పైకి లేస్తాయి. లెవెల్ కూడా ఆ బోల్టులతోనే సరిచేసుకోవచ్చు. లెవెల్ లేకపోతే ఆయిల్ కొలిచే పుల్ల అబద్ధం చెబుతుంది. డీజిల్ ఒలికిన టైరు ముక్క ఉబ్బి మెత్తబడుతుంది, ఏడాదికోసారి మార్చండి.

9. గుమ్మం దగ్గరే అసలు పరీక్ష

మా గుమ్మం నేలకి ఆరంగుళాల ఎత్తు. మొదట ఐదడుగుల బల్లచెక్క వేశాం. బయటికి దింపడానికి బాగానే ఉంది. లోపలికి తేవాలంటే ఎక్కుడికే 73 కిలోల బలం, దాని మీద చక్రాలు దొర్లడానికి ఇరవై. నలుగురు ఆయాసపడ్డారు. అదే పదడుగుల వాలుగా సిమెంటుతో పోయిస్తే ఎక్కుడు బలం సగానికి, 36కి తగ్గింది.

దించేటప్పుడు బండికి కింది వైపు ఎవరూ నిలబడకూడదు. వెనక కొక్కేనికి తాడు కట్టి, షెడ్డు స్తంభానికి రెండు చుట్లు వేసి, మెల్లగా వదులుతూ దింపుతాం. చేతులతో ఆపుతానని ముందుకెళ్లినవాడి వేలు నలిగింది ఒకసారి. ఆ వేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు.

10. వైరు కూడా కదలాలి

బండి కదిలి వైరు కదలకపోతే ఏం లాభం? 15 కేవీఏ, త్రీ ఫేజ్, 415 వోల్టులంటే ఫేజుకి దాదాపు 21 ఆంపియర్లు. 32 ఆంపియర్ల ఐదు పిన్నుల ఇండస్ట్రియల్ సాకెట్టు ఒకటి బయటి గోడకి బిగించి, అక్కణ్నుంచి లోపలి చేంజోవర్ స్విచ్చికి శాశ్వతంగా వైరింగ్ చేయించాను. చేంజోవర్ లేకుండా ఎక్కడో ఒక ప్లగ్గులో గుచ్చి షెడ్డంతా నడిపేవాళ్లను చూశాను. ఆ కరెంటు లైనులోకి వెనక్కి పారితే స్తంభమెక్కిన లైన్‌మన్ చచ్చిపోతాడు. అతనికీ ఇల్లూ పిల్లలూ ఉన్నారు. జనరేటరు నిలిపే చోటే ఎర్త్ గొయ్యి తీయించి, రాగి పట్టీ పైకి తెచ్చి పెట్టాం. నిలపగానే ముందు బిగించేది అదే, తీసేటప్పుడు చివర తీసేదీ అదే.

2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకు మళ్లీ పవర్ హాలిడే పెట్టినప్పుడు మా అబ్బాయీ ఒక హెల్పరూ జనరేటరును వేపచెట్టు కిందికి తోసి, బోల్టులు దింపి, ఎర్త్ బిగించి, స్టార్టు చెయ్యడానికి పది నిమిషాలు పట్టింది. నేను కుర్చీలోంచి లేవలేదు.

ఆనాడు ఒరిగిపోయిన కుర్రాడికి ఇప్పుడు గన్నవరం వైపు సొంత షెడ్డుంది. మొన్న వచ్చి ఫోనులో తను చేయించిన ట్రాలీ ఫొటో చూపించాడు. వెల్డింగ్ ముచ్చటగా ఉంది, చక్రాలు మంచివి తెచ్చాడు. కానీ తిరిగేవి ఇంజను వైపు వేశాడు. "గీత గీశావా?" అన్నాను. తల గోక్కున్నాడు. షాఫ్టు ముక్క మూలనుంది, తీసుకెళ్లమన్నాను.