ఫ్యామిలీ డాక్టర్: రోగి కేంద్రిత వైద్యంలో రేపటి పాత్ర

కుటుంబంలోని అన్ని వయసుల వారికీ తొలి దశ వైద్యం అందిస్తూ, అవసరమైతేనే స్పెషలిస్టు వద్దకు పంపేవారు ఫ్యామిలీ డాక్టర్. ప్రాథమిక ఆరోగ్య సంరక్షణే అందరికీ ఆరోగ్యం సాధించే మార్గమని 1978 నాటి ఆల్మా అటా ప్రకటన చెప్పింది. బ్రిటన్‌లో 1948లో జాతీయ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) ఏర్పడినప్పటి నుంచి అత్యవసరం కాని కేసుల్లో స్పెషలిస్టును కలవాలంటే సాధారణంగా జనరల్ ప్రాక్టీషనర్ (అక్కడి ఫ్యామిలీ డాక్టర్) సిఫారసు ఉండాలి.

బీపీ, షుగర్ వంటి జబ్బులు ఒక్క మాత్రతో తగ్గేవి కావు. ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. రోగి తిండి, పని, ఇంటి ఖర్చు తెలిసిన డాక్టరైతే అతను పాటించగల చికిత్సనే రాస్తారు. రోగి కేంద్రిత వైద్యమంటే ఇదే.

ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ప్రారంభమైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) డాక్టర్ 104 సంచార వైద్య వాహనంతో ఊరికి వచ్చి, ఉదయం విలేజ్ క్లినిక్‌లో ఓపీ చూసి, మధ్యాహ్నం మంచం పట్టిన వారి ఇళ్లకు వెళ్లడం అప్పటి ఏర్పాటు. డాక్టర్ తరచూ బదిలీ అయితే మాత్రం పేరుకే ఫ్యామిలీ డాక్టర్.

ఇ-సంజీవని వంటి టెలిమెడిసిన్ సేవలు, ఆభా ఆరోగ్య ఖాతాలోని డిజిటల్ రికార్డులు రేపటి ఫ్యామిలీ డాక్టర్‌కు తోడవుతాయి. అయితే ఏ పరీక్ష అవసరమో, ఏది అనవసరమో తేల్చి చెప్పే బాధ్యత డాక్టర్‌దే. వృద్ధుల సంరక్షణ, మానసిక ఆరోగ్యం, చివరి దశ ఉపశమన వైద్యం కూడా ఫ్యామిలీ డాక్టర్ పరిధిలోకే వస్తాయి. ఏటా మే 19న ప్రపంచ ఫ్యామిలీ డాక్టర్ దినోత్సవం జరుపుతారు. 2010లో దీన్ని మొదలుపెట్టింది ఫ్యామిలీ డాక్టర్ల ప్రపంచ సంస్థ వోంకా.