మస్టాంగ్‌కు సూపర్‌చార్జర్ బిగించాలంటే

ఫోర్డ్ మస్టాంగ్ జీటీ 2016లో మన దేశానికి వచ్చినప్పుడు షోరూమ్ ధర 65 లక్షల రూపాయలు. అయిదు లీటర్ల వీ8 ఇంజను, 401 పీఎస్ బలం, 515 న్యూటన్ మీటర్ల టార్క్. అలాంటి కారు హైదరాబాద్ సోమాజిగూడలో ఒకరి సెల్లార్లో ఉందనుకుందాం. పంజాగుట్ట సిగ్నళ్ల మధ్య దాని సత్తా ఎవరికీ తెలియదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాసు ఇంటర్నేషనల్ సర్క్యూట్‌కు వెళ్లినప్పుడే అది నిజంగా పరుగెత్తుతుంది. ఆ పరుగు చాలక యజమాని సూపర్‌చార్జర్ పెట్టించాలనుకుంటాడు.

సూపర్‌చార్జర్ పెట్టె విప్పగానే కనిపించేది ఒక అల్యూమినియం దిమ్మ. లోపల రెండు రోటర్లు మెలికలు తిరిగి ఒకదానిలో ఒకటి ఒదిగి ఉంటాయి. ఈటన్ కంపెనీ టీవీఎస్ రకంలో ఒక్కో రోటరుకు నాలుగు రెక్కలు, 160 డిగ్రీల మెలిక. ఇంజను క్రాంక్‌షాఫ్టు బెల్టుతో వీటిని తిప్పుతుంది. 2.3 లీటర్ల రకమైతే రోటర్లు ఒక్క చుట్టు తిరిగేసరికి అంత గాలినీ ఇంజనులోకి నెడతాయి. మస్టాంగ్‌కు సరిపోయే పూర్తి కిట్ అమెరికాలో 8 వేల డాలర్ల చుట్టూ ఉంటుంది. రవాణా, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలిపితే హైదరాబాద్ చేరేసరికి 10 లక్షలకు అటూ ఇటూ అవుతుంది.

మంచి మెకానిక్ ఆ పెట్టె జోలికి వెంటనే వెళ్లడు. ముందు పాత ఇంజను ఆరోగ్యం చూస్తాడు. ఇంజను వేడెక్కాక ఎనిమిది ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండరుకూ ప్రెషర్ గేజి పెట్టి స్టార్టరు తిప్పుతాడు. అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకె, అన్నిటికన్నా ఎక్కువ వచ్చినదానిలో నాలుగింట మూడొంతులకు తగ్గకూడదని సర్వీసు పుస్తకం చెబుతుంది. చేయి తిరిగిన వాళ్లు పది శాతం తేడాకే ముఖం చిట్లిస్తారు. బలహీనమైన సిలిండరు మీద ఒత్తిడి పెంచితే మొదట పోయేది అదే.

ఇంజను బాగుందని తేలాక విప్పడం మొదలు. పెట్రోలు పంపు ఫ్యూజు తీసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడిపితే పైపుల్లో ఒత్తిడి పోతుంది. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, కూలెంట్ వంపేస్తారు. సిలిండర్లకు గాలి పంచే ప్లాస్టిక్ మానిఫోల్డ్ బయటికి వస్తుంది. తెరుచుకున్న ఎనిమిది నోళ్లనూ అప్పటికప్పుడే టేపుతో మూసేస్తారు. ఒక్క చిన్న వాషరు లోపల పడినా ఇంజను తల విప్పాల్సిందే.

కొత్త ప్లగ్గులు వేడిని త్వరగా వదిలే రకానివి, అంటే ‘కోల్డ్’ ప్లగ్గులు. కంపెనీ ప్లగ్గుకు మొనల మధ్య సందు 1.25 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే వీటికి 0.9 లేదా అంతకన్నా తక్కువ పెడతారు. ఒత్తిడి పెరిగితే నిప్పురవ్వ దూకడం కష్టమవుతుంది కాబట్టి దూరం తగ్గిస్తారు. ఎక్కువ పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కూడా ఇప్పుడే ఎక్కుతాయి.

దిమ్మను దించడానికి ఇద్దరు కావాలి. ఓ-రింగులు జరగకుండా, అటు ఇటు ఊగకుండా నిట్టనిలువుగా దించాలి. బోల్టులు మధ్య నుంచి అంచులకు, 10 న్యూటన్ మీటర్ల దగ్గర, టార్క్ రెంచితో దశలవారీగా బిగిస్తారు. ఆ తర్వాత బెల్టు. పుల్లీలన్నీ ఒకే గీతలో ఉన్నాయో లేదో స్కేలు ఆనించి చూస్తారు. పక్కకు జరిగిన పుల్లీ బెల్టు అంచును కోసేస్తుంది.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది వేడితో చేసే పోరాటం. సైకిలు టైరుకు గాలి కొట్టినప్పుడు పంపు అడుగు కాలినట్టే, నొక్కిన గాలి ఇక్కడా మండిపోతుంది. మే నెలలో హైదరాబాద్ గాలి 40 డిగ్రీలుందనుకోండి. 0.6 బార్ ఒత్తిడికి నొక్కేసరికి అది 110 డిగ్రీల దగ్గరికి పోతుంది. వేడి గాలి పలచన. అలాగే లోపలికి పంపితే ఇంజనుకు అందే గాలి మామూలుకు 1.3 రెట్లే. దాన్నే 60 డిగ్రీలకు దించితే ఒకటిన్నర రెట్లు. బలం 600 పీఎస్ చేరడమో చేరకపోవడమో ఇక్కడే తేలుతుంది.

అందుకే దిమ్మలోనే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉంటుంది. దానికి ఇంజను కూలెంట్‌తో సంబంధం లేని సొంత నీళ్లు, సొంత ఎలక్ట్రిక్ పంపు, బంపరు వెనక సొంత రేడియేటరు. నీళ్లూ కూలెంటూ సగం సగం నింపి, పంపు తిప్పుతూ బుడగలన్నీ పోయేదాకా ఓపిగ్గా నిలబడాలి. పైపులో గాలి మిగిలితే నీళ్లు తిరగవు, ఇంటర్‌కూలర్ ఉండీ లేనట్టే. ఈ ఒక్క పనికే సగం పూట ఇచ్చే మేస్త్రీని నమ్మవచ్చు.

పెట్రోలు సంగతి. అమెరికా కిట్లు అక్కడి 91 ఆక్టేన్‌కు రాసినవి. అక్కడి లెక్క వేరు. మన లెక్కలో అది 95, 96 అవుతుంది. అంతకన్నా తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోస్తే సిలిండర్లో మంట ఇంకా చేరని మిశ్రమం దానంతటదే అంటుకుని పిస్టన్‌ను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. దాన్నే నాకింగ్ అంటారు. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో తెచ్చిన ఎక్స్‌పీ100 లాంటి 100 ఆక్టేన్ పెట్రోలు ఈ కారుకు అన్నం లాంటిది. మొదట్లోనే దాని ధర లీటరుకు 160 రూపాయలు.

ఇక ట్యూనింగ్. స్టీరింగ్ కింది సాకెట్ ద్వారా ఇంజను కంప్యూటరులోకి కొత్త లెక్కలు ఎక్కిస్తారు. మొదట స్టార్ట్ చేసి, కారుతున్నది ఏదైనా ఉందేమో చూసి, ఐడిల్‌లో వేడెక్కనిస్తారు. తర్వాత కారును డైనో మీద కట్టేస్తారు. డైనో అంటే చక్రాల బలం కొలిచే రోలర్ల యంత్రం. ముందు పెద్ద ఫ్యాను పెట్టి, ట్యూనర్ ఒక్కో పరుగు తీస్తాడు. మామూలుగా ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి. పూర్తి ఒత్తిడిలో దాన్ని 11.5, 11.8 మధ్యకు దించి పెట్రోలు ఎక్కువిస్తాడు. నిప్పు పడే వేళను వెనక్కి జరుపుతాడు. ప్రతి పరుగు తర్వాతా గాలి వేడి, నాక్ సెన్సరు రీడింగ్ చూస్తాడు. చిన్న అనుమానం వచ్చినా ఆగి, చల్లారనిచ్చి, మళ్లీ తీస్తాడు. పది హార్స్‌పవర్ వదులుకుని ఇంజనును కాపాడే ట్యూనరే అసలైన పనివాడు. అన్నీ కుదిరితే విప్పడం నుంచి ఇక్కడిదాకా నాలుగైదు రోజులు.

బ్రేకులు మర్చిపోకూడదు. కొత్త డాట్ 4 బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్న పాతదానికి ఆ హద్దు 155. ట్రాక్‌కు ముందు కొత్త ఆయిల్, వేడి తట్టుకునే ప్యాడ్లు తప్పనిసరి.

కాగితాల పని మాత్రం డబ్బు కట్టకముందే మొదలు కావాలి. తయారీదారు వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కట్టడి చేస్తుంది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చని 182ఏ సెక్షన్ చెబుతుంది. బీమా సంస్థకూ చెప్పాలి. అనుమతి రాకపోతే ఆ కారు రోడ్డెక్కకూడదు, లారీ మీద ట్రాక్‌కు పోవాలి. సోమాజిగూడ పక్కనే ఖైరతాబాద్‌లో రవాణా శాఖ కార్యాలయం ఉంది. కిట్‌కు ఆర్డరు పెట్టే ముందే అక్కడికి వెళ్లి అడగండి.