ఆ కందంలో శత్రువు ఎక్కడున్నాడు?

శత్రుబాధ పోవాలంటే ఏ స్తోత్రం చదవాలని మీలో చాలామంది అడుగుతుంటారు. ఈసారి స్తోత్రం కాదు, సుమతీ శతకంలో మనందరం చిన్నప్పుడు బట్టీ పట్టిన పద్యం చూద్దాం. మన కోపమే మనకు పగ, మన నెమ్మదే మనకు కాపలా అనే పద్యం. ఒకసారి పైకి చదువుకుని రండి.

ఇది కందం. 1, 3 పాదాల్లో మూడేసి గణాలు, 2, 4 పాదాల్లో ఐదేసి. గణానికి నాలుగు మాత్రలు, మొత్తం 64. ఒక్క మాత్ర తప్పినా కంపైల్ అవ్వదు, మన కోడ్ లాగే!

నాలుగు పాదాలూ 'తన' అనే మాటతోనే మొదలవుతాయి. ప్రాస ప్రకారం రెండో అక్షరం అన్నిట్లో ఒకటే ఉండాలి. మొదటి పాదం లఘువుతో మొదలైతే మిగతావీ లఘువుతోనే మొదలవ్వాలి. ఒక్క 'తన'తో రెండు నియమాలూ తీరిపోయాయి. యతి కూడా చూడండి, రెండో పాదంలో 'త'కి జోడీగా 'దయ' వచ్చి కూర్చుంది.

నాకు బాగా నచ్చింది ఆ రెండో పాదమే. స, నల, జ, స, గగ. మధ్యలో ఐదు లఘువులు వరసగా పరిగెత్తి, 'రక్ష'లోని 'ర' దగ్గర గురువు మీద ఆగుతాయి. నడక కూడా అక్కడే నెమ్మదిస్తుంది. ఇక 'సుమతీ' సగణం. 2, 4 పాదాల చివర గురువు తప్పనిసరి కాబట్టి మకుటం చక్కగా సరిపోయింది.

ఇప్పుడు లెక్కపెట్టండి. 'తన' ఆరుసార్లు, 'శత్రువు' ఒక్కసారే.

ఆఫీసులో ఒకరు నా పనిని తన పనిగా చూపించుకున్న రోజుల్లో ఈ పద్యం వింటే ఒళ్ళు మండేది. అంటే తప్పు నాదేనా అని. కానీ అవతలివాడు మంచివాడని పద్యం ఎక్కడా అనలేదు. అసలు అవతలివాడే ఇందులో లేడు! మేనేజర్‌తో చెప్పాల్సింది చెప్పాను, అది వేరే పని. ఆ తర్వాత కూడా రాత్రి రెండింటికి నన్ను నిద్ర లేపింది మాత్రం అతను కాదు, అతను హాయిగా పడుకునే ఉంటాడు. గీత ఆరో అధ్యాయం ఐదో శ్లోకంలోనూ ఇదే మాట ఉంది, తనకు తానే బంధువు, తానే శత్రువు అని. అక్కడ ఛందస్సు అనుష్టుప్పు.

మూడో పాదం మీరే విడగొట్టండి. 'స్వర్గము' వేరే పదం కాబట్టి దాని ముందున్న అక్షరం లఘువుగానే ఉంటుంది. 12 మాత్రలు రావాలి.