ఆంగ్ల బోధనలో విద్యార్థి సహకారం : బర్మింగ్‌హామ్ ప్రయోగ పరిశీలన

ఉన్నత విద్యకై ఆంగ్లం నేర్పే అధ్యాపకుడు భాషను ఎరుగునే గాని విద్యార్థి అభ్యసించే శాస్త్రాన్ని సాధారణంగా ఎరుగడు. శాస్త్రాధ్యాపకునికి విషయం కరతలామలకం. విద్యార్థికి భాష ఎక్కడ అడ్డుపడినదో ఆయనకు గోచరించదు. ఆ చోటును చూపగలవాడు విద్యార్థియే. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో టిమ్ జాన్స్, టోనీ డడ్లీ-ఎవాన్స్ జరిపి 1980లో ప్రకటించిన ప్రయోగానికి ఈ పరిస్థితియే మూలం. రవాణా శాస్త్రం, వృక్షశాస్త్రం చదువవచ్చిన విదేశీ విద్యార్థులతో భాషాధ్యాపకుడు, శాస్త్రాధ్యాపకుడు ఒకే తరగతిలో కూర్చున్నారు. ధ్వనిముద్రితమైన ఉపన్యాసమే పాఠ్యం. లోపం విషయజ్ఞానానిదా, భాషదా అన్నది ముగ్గురి ఎదుట తేలుతుంది.

జాన్స్ 1991 నాటి రచనలో ఇంకొక అడుగు ముందుకు వేశాడు. ఒక పదం వాస్తవ గ్రంథాలలో ప్రయుక్తమైన వాక్యాలను కంప్యూటరు వరుసగా చూపుతుంది. నియమాన్ని విద్యార్థియే ఊహించాలి. ‘పర్స్వేడ్’, ‘కన్విన్స్’ అనే క్రియల భేదం అతడిచ్చిన ఉదాహరణలలో ఒకటి. లక్ష్య లక్షణాలు రెండూ కలిసి వ్యాకరణమన్న మహాభాష్య విచారాన్ని ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. కొత్తదనం లక్ష్యసేకరణను శిష్యునికి అప్పగించడంలో ఉన్నది. మన వాక్యార్థ సభలలోనూ విద్యార్థి వాదిస్తాడు. అయితే అక్కడ సిద్ధాంతం ముందే నిర్ణీతం.

పది వాక్యాలు చూసి చేసిన ఊహకు అవ్యాప్తి, అతివ్యాప్తి దోషాలు తప్పవు. సహాధ్యాయి తెచ్చే ప్రతికూలోదాహరణమే దానికి తగిన మందు. ఇద్దరు అధ్యాపకులకు ఒకే సమయం కుదరడం మాత్రం ఏ కళాశాలలోనైనా కష్టమే. అంతకన్నా కష్టం, తనకు తెలియదని భాషాధ్యాపకుడు తరగతిలో ఒప్పుకొనడం.

ప్రాచ్య కళాశాలలో ఈ కష్టం తరచుగా ఎదురయ్యేదే. అలంకారశాస్త్ర విద్యార్థి ఆంగ్ల వ్యాసంలో ధ్వనికి ‘సజెషన్’ అని వ్రాస్తే, లోకవ్యవహారంలో ఆ మాటకు సలహా అనే అర్థమే ప్రసిద్ధం కనుక భాషాధ్యాపకుడు దానిని దోషమని కొట్టివేయవచ్చు. 1990లో హార్వర్డ్ ప్రచురించిన ధ్వన్యాలోక లోచనాల ఆంగ్లానువాదం నుండి ఆ పదం గల వాక్యాలను ఏరి ఆయన ముందుంచవలసినవాడు ఆ విద్యార్థియే.