తాళం నీది కానప్పుడు

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

చిరంజీవి తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

కొత్త యూఎస్‌బీ అడాప్టర్ మానిటర్ మోడ్‌లో పనిచేసిందని, పై అంతస్తు మాస్టారి వైఫై పాస్‌వర్డ్ ఒక్క రాత్రిలో దొరికిందని పొద్దున ఫోన్‌లో ఎంత హుషారుగా చెప్పావో! అమ్మ పక్కనే ఉందని అప్పుడేమీ అనలేదు. కానీ అప్పటినుంచీ మనసు మనసులో లేదు రా.

ముందుగా ఒక మాట. ఎయిర్‌క్రాక్, వైర్‌షార్క్ తప్పుడు పనిముట్లేమీ కావు. నాకు అన్నం పెడుతున్నవి అవే. పాతకాలపు వైఫై తాళం వెప్ ఎంత డొల్లో 2001లో తేల్చింది పరిశోధకులే. 2017లో పరిశోధకుడు మాథీ వాన్‌హూఫ్ మరో వైఫై తాళం డబ్ల్యూపీఏ2లో లోపం పట్టుకున్నాడు. దాన్ని లోకానికి చాటే ముందు తయారీదారులకు చెప్పి, సరిచేసుకోవడానికి గడువిచ్చాడు. నువ్వు ఆ వరసలో నిలబడాలని నా ఆశ.

పరికరాలు రౌటర్‌తో కలిసేటప్పటి హ్యాండ్‌షేక్ పట్టుకోవడానికి డీఆథ్ పంపానన్నావు. అంటే ఆ ఇంట్లో ఫోన్లు, లాప్‌టాప్‌లు ఉన్నపళంగా తెగిపోయి మళ్లీ కలిశాయి. ఆ క్షణంలో మాస్టారి మనవరాలు ఆన్‌లైన్ పరీక్ష రాస్తూ ఉంటే? నీ తెరమీద కనిపించేవి అంకెలే. వాటి వెనక ఒక ఇల్లుంది.

చట్టం కూడా చెబుతాను. ఐటీ చట్టం 2000, సెక్షన్ 43. యజమాని అనుమతి లేకుండా నెట్‌వర్క్‌లోకి వెళ్లినా, దాని పనికి అడ్డుపడినా నష్టపరిహారం కట్టాలి. దురుద్దేశం ఉందని తేలితే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సొంత చోటైనా ఇష్టమొచ్చినట్టు చేయడానికి లేదు. అమెరికాలో మారియట్ తన హోటల్లో అతిథుల సొంత హాట్‌స్పాట్‌లను ఇదే డీఆథ్‌తో తెంపినందుకు 2014లో 6 లక్షల డాలర్లు కట్టింది.

పరాయి వైఫై వాడితే నింద ఎవరి మీదికి వస్తుందో కూడా చూడు. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కాస్త ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబైలో ఒక ఫ్లాట్ వైఫై నుంచి వెళ్లింది. పోలీసులు ముందు తట్టింది ఆ ఇంటి తలుపే. వైఫైకి తాళం లేకపోవడమే ఆ ఇంటాయన చేసిన పొరపాటు. రేపు మాస్టారి కనెక్షన్ మీద ఏం జరిగినా జవాబు చెప్పాల్సింది ఆయనే. నువ్వు ఆ పాస్‌వర్డ్ స్నేహితులకు ఇవ్వలేదు కదా?

ఉద్యోగంలో నా మొదటి ఏడాది, ఒక ఆఫీసులో వైఫై భద్రత పరీక్ష చేస్తుంటే గోడ అవతలి క్లినిక్ నెట్‌వర్క్ జాబితాలో కనిపించింది. పాత వెప్ తాళం. వేళ్లు కీబోర్డు మీదికి వెళ్లిపోయాయి. మా సీనియర్ అనుమతి పత్రం నా ముందుకు జరిపి, "ఆ పేరు ఇందులో ఎక్కడుందో చూపించమ్మా" అన్నారు. ఏ నెట్‌వర్క్, ఏ తేదీలు, ఏ వేళలు, డీఆథ్ పంపొచ్చా, ఏదైనా ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, కింద యజమాని సంతకం. అన్నీ ఉన్నాయి, క్లినిక్ పేరు లేదు. సాయంత్రం ఇద్దరం వెళ్లి, "మీ రౌటర్ సెట్టింగ్ పాతది, మార్పించుకోండి" అని చెప్పి వచ్చాం. ఆ రోజునుంచి లాప్‌టాప్ కంటే ముందు ఆ కాగితమే నా సంచిలోకి వెళుతుంది.

నీ సాధనకు అటక మీద మన పాత రౌటర్ ఉంది, అమ్మనడిగి దించుకో. దాని తాళం వందసార్లు పెట్టు, వందసార్లు విప్పు.

రేపు మాత్రం పైకి వెళ్లు. చేసింది మాస్టారికి ఉన్నదున్నట్టు చెప్పి క్షమాపణ అడుగు. తిడితే తిట్టించుకో. రౌటర్ పేజీ తెరిచి, కొత్త పాస్‌వర్డ్ ఎక్కడ కొట్టాలో చూపించు. ఆయన కొడుతున్నప్పుడు మాత్రం నువ్వు తల పక్కకు తిప్పుకో.

ప్రేమతో,
అక్క