మల్లమ్మ కొండకు పోదాం

"అక్కా, ఎండలు మండిపోతున్నాయి. ఊటీ చల్లగా ఉంటుందంట."

"ఊటీ దాకా ఎందుకు చెల్లీ? మదనపల్లె దగ్గరే చల్లని కొండ ఉంది. హార్స్‌లీ కొండ."

"మనిద్దరమే యాడ పోతాం? ఏ బస్సో తెలీక తిప్పలు పడాల."

"ఇప్పుడు బోర్డు చదవడం వచ్చింది కదా! పోదాం పా."

గాండ్లపెంటలో ఇద్దరు అక్కచెల్లెళ్ళ మాటలివి. మనమూ వాళ్ళతో బయలుదేరుదాం.

దారి

గాండ్లపెంట నుంచి కదిరికి, కదిరి నుంచి మదనపల్లెకు బస్సులో పోవాలి. మదనపల్లె నుంచి కొండమీదికి సుమారు 30 కిలోమీటర్లు. బస్సు బోర్డు మీద "హార్స్‌లీ హిల్స్" అని ఉంటుంది. హిల్స్ అంటే కొండలు.

పేరు

ఈ కొండ పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకినాయని పెద్దలు కథ చెబుతారు. ఆమెకు కొండమీద గుడి ఉంది. తెల్లదొరల కాలంలో మదనపల్లె ప్రాంతం కడప జిల్లాలో ఉండేది. కడప కలెక్టరు హార్స్‌లీ దొర వేసవిలో ఈ కొండమీద ఉండేవాడు. అందుకే ఆయన పేరు వచ్చింది.

చల్లదనం

ఈ కొండ ఎత్తు సుమారు 1,265 మీటర్లు. పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది. 1,000 మీటర్లు ఎక్కితే వేడి సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. చెట్ల నీడ కూడా చల్లదనం ఇస్తుంది. వియత్నాం దేశంలో దలాత్ అనే కొండ ఊరు ఉంది. ఎండలకు తాళలేక ఫ్రెంచి దొరలు అక్కడ ఊరు కట్టుకున్నారు. దొరలు ఎక్కడైనా చల్లని చోటే వెతుక్కున్నారు! ఈ రోజు ఆ చల్లగాలి అందరిదీ.

చూడవలసినవి

గాలిబండ మీద గాలి జోరుగా వీస్తుంది. అక్కడ నిలబడితే కింద ఊళ్ళు, పొలాలు కనిపిస్తాయి. అంచుకు పోరాదు. గంగోత్రి చెరువు ఉంది. చాలా ఎత్తయిన నీలగిరి చెట్టు ఒకటి ఉంది. దాన్ని 1859లో నాటారని చెబుతారు. ప్లాస్టిక్ సంచులు అక్కడ పారేయకండి. కొమ్మలు విరచకండి. చెట్లు పోతే చల్లదనమూ పోతుంది.

తిరుగు ప్రయాణం

సాయంత్రం మదనపల్లె బస్టాండులో ఒక అవ్వ చెల్లెలిని అడిగింది. "ఈ బస్సు యాడికి పోతుంది బిడ్డా?"

చెల్లెలు అక్షరాలు కూడబలుక్కుంది. "క... ది... రి. కదిరికి అవ్వా."

నిన్నటిదాకా ఆమె కూడా ఇట్లాగే పదిమందిని అడిగేది. బస్సెక్కినాక అక్క నవ్వింది. "తిప్పలు పడాలన్నావే?"

"ఈసారి తిమ్మమ్మ మర్రిమాను చూద్దామక్కా. బోర్డు నేనే చదువుతా."

జవాబులు రాయండి

1. హార్స్‌లీ కొండ పాతపేరు ఏమిటి?
2. కొండమీద చల్లగా ఎందుకు ఉంటుంది?
3. 500 మీటర్లు ఎక్కితే వేడి ఎన్ని డిగ్రీలు తగ్గుతుంది?
4. మీ ఊరి నుంచి పోయే మూడు బస్సుల బోర్డులు చదివి రాయండి.