నెలసరి ఆగిన తరువాత: మౌనంగా భరించవద్దు



శారమ్మకు నెలసరి నిలిచిపోయిన సంగతిని ఆదికాండము 18వ అధ్యాయము దాచకుండా చెప్పింది. మనం మాత్రం సాటి స్త్రీలతో కూడా ఈ మాట ఎత్తము. శుక్రవారం మెసైమీర్‌లో ఆరాధనకు వచ్చి, ఏసీ హాలులో కూర్చుని కూడా చెమటతో తడిసి, బీపీ అనుకుని సరిపెట్టుకుంటాము.

ఇది ఏమిటి?

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే దానిని మెనోపాజ్ అంటారు. ఎక్కువమందికి 45–55 ఏళ్ల మధ్య వస్తుంది. శరీరంలో ఈస్ట్రోజెన్ తగ్గడంవల్ల ఒంట్లో సెగలు, రాత్రి చెమటలు, నిద్రలేమి, చిరాకు, యోని పొడిబారడం, మూత్రంలో మంట కలుగుతాయి. పైకి తెలియకుండా ఎముకలు కూడా పలచబడతాయి. ఇది విశ్వాసలోపం కాదు. దీనికి వైద్యం ఉంది.

గర్భసంచి తీయించుకున్నవారు

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8 శాతం. అండాశయాలు కూడా తీసివేస్తే ఆ దశ ఒక్కసారిగా మొదలవుతుంది. ఉంచినా కొందరికి త్వరగా వస్తుంది. 45 ఏళ్లలోపే అలా జరిగితే ఎముకలకు, గుండెకు ముప్పు పెరుగుతుంది. అందుకే, అడ్డంకులు లేనివారికి సహజంగా ఆగే వయసు వరకు హార్మోన్లు వాడమని డాక్టర్లు సాధారణంగా చెబుతారు. మీ ఆపరేషన్ కాగితాలను ఊరినుండి ఫోటో తీయించి తెప్పించుకోండి. అండాశయాలు ఉన్నాయో లేదో డాక్టరుకు తప్పక తెలియాలి.

వైద్యం

2002లో అమెరికా అధ్యయనం ఒకటి వెలువడిన తరువాత హార్మోన్లంటే భయం పెరిగింది. అందులో పాల్గొన్నవారి సగటు వయసు 63. ఆరోగ్యంగా ఉండి, 60 ఏళ్లు దాటనివారిలో, లేదా నెలసరి ఆగి 10 ఏళ్లు కానివారిలో, ఎక్కువమందికి నష్టంకంటే మేలే ఎక్కువని ఇప్పుడు వైద్యుల అభిప్రాయం. గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజెన్‌తోపాటు ప్రొజెస్టరాన్ కూడా ఇస్తారు. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం, పక్షవాతం, కాలేయ జబ్బు వంటివి వచ్చినవారు ముందే చెప్పాలి. వారికి హార్మోన్లు లేని మందులున్నాయి. ఎవరో వాడారని మీరూ కొనుక్కోవద్దు.

నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపిస్తే, కొంచెమైనా సరే, వెంటనే చూపించుకోండి.

మన చేతిలో ఉన్నవి

రోజుకు సుమారు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగిపిండిలో దాదాపు 350 ఉంటుంది. పాలు, పెరుగు, నువ్వులు కలుపుకోండి. ఖతార్‌లో ఎండ ఎంత ఉన్నా మనం ఉండేది గదుల్లోనే కాబట్టి విటమిన్ డి పరీక్ష అడగండి. వారంలో ఐదు రోజులు అరగంట నడవండి. వేసవిలో ఉమ్ అల్ సనీమ్ పార్కులోని చల్లని నడకదారి ఉపయోగపడుతుంది. రాత్రి కాఫీ, ఘాటైన కారం తగ్గించి, నూలు బట్టలు వేసుకోండి.

తోడు వెళ్దాం

హెల్త్ కార్డు ఉన్నవారు తమ హెల్త్ సెంటర్‌లో ఫ్యామిలీ డాక్టరును కలవవచ్చు. అవసరమైతే హమద్ ఆసుపత్రికి పంపుతారు. అయితే ఇళ్లలో పనిచేసే మన సహోదరీలకు సెలవు దొరకదు, భాష రాదు, ఈ బాధ చెప్పుకోవడానికి సిగ్గు. రాత్రంతా నిద్రలేక తెల్లవారగానే పనికి లేస్తారు. ఈ శుక్రవారం మీ పక్కన కూర్చున్న సహోదరిని నిద్ర సరిగా పడుతోందా అని అడగండి. ఆమెకొరకు ప్రార్థించండి, డాక్టరు దగ్గరకు ఆమెతో వెళ్లండి కూడా.